లాండ్రీ గదిలో బీపీ మిషన్

శనివారం, రాత్రి పదిన్నర.

కాళ్ళు లాగేస్తున్నాయి. అయినా ఇది రాసే పడుకోవాలి, లేకపోతే రేపటికి సగం మర్చిపోతాను.

పొద్దున్నే మా ఆఫీసులో రిటైరైన పెద్దావిడని కారెక్కించుకుని బీపీ క్యాంపుకి వెళ్ళాను. ఆవిడ ఆల్ఫా కప్పా ఆల్ఫా సొరోరిటీ సభ్యురాలు. కాలేజీ ఆడపిల్లలు కట్టుకునే సంఘాన్ని ఇక్కడ సొరోరిటీ అంటారు. అమెరికా వచ్చిన కొత్తలో అదంతా పార్టీల గొడవ అనుకునేదాన్ని. నల్లజాతి స్త్రీల సొరోరిటీల సంగతి వేరు. చదువు అయిపోయినా సభ్యత్వం పోదు. ఉద్యోగం చేస్తూ, రిటైరయ్యాక కూడా, తాము ఉండే ఊరి చాప్టర్‌లో, అంటే సంఘం స్థానిక శాఖలో, పనిచేస్తూనే ఉంటారు. ఈ సంఘం 1908లో మా ఇంటికి గంట దూరంలోనే, వాషింగ్టన్‌లోని హోవర్డ్ యూనివర్సిటీలో పుట్టింది. ఆవిడకి డెబ్బై దాటాయి. గులాబీరంగు చొక్కా, ఆకుపచ్చ స్కార్ఫ్ వేసుకుని, నాకన్నా ముందే తయారై గుమ్మంలో నిలబడి ఉన్నారు.

క్యాంపు ఎక్కడంటే, ఒక పాత అపార్ట్‌మెంట్ల సముదాయంలో బట్టలుతికే గదిలో. ఒక పక్క డ్రయ్యర్ల వేడి, ఇంకో పక్క సబ్బు వాసన. మిషన్ల చప్పుడులో పేరు రెండుసార్లు అడిగితే తప్ప వినబడదు. వీధి చివర చర్చికి మంచి హాలుంది కదా, అక్కడ పెట్టుకోవచ్చు కదా అని అడిగాను.

"హాలుకి ఓపిక చేసుకుని వచ్చేవాళ్ళు డాక్టరు దగ్గరికీ వెళ్తారు. ఇక్కడైతే బట్టలు అయ్యేదాకా ఎవరూ ఎక్కడికీ కదలరు" అన్నారు. తర్వాత మెల్లగా, "ఇది మేం మిస్సిసిపీలో నేర్చుకున్నాం" అన్నారు.

ఆ మిస్సిసిపీ సంగతి 1935 నాటిది. అప్పటికి ఆవిడ పుట్టనే లేదు. అయినా 'మేం' అన్నారు. ఆ మాట పొద్దుటి నుంచి నన్ను వదలడం లేదు.

మధ్యాహ్నం జనం పలచబడ్డాక కథంతా చెప్పారు. 1934లో సంఘం అధ్యక్షురాలు ఐడా జాక్సన్ మిస్సిసిపీలోని హోమ్స్ కౌంటీలో పల్లెటూరి టీచర్ల కోసం వేసవి బడి పెట్టించారు. తీరా అక్కడికి వెళ్ళి చూస్తే, చదువు మాట దేవుడెరుగు, ముందు పిల్లలకి ఒంట్లో బాగుండాలి కదా అనిపించింది. మరుసటి వేసవికి డాక్టర్ డొరొతీ ఫెరబీ నాయకత్వంలో డాక్టర్లు, నర్సులు, టీచర్లు సొంత కార్లలో వాషింగ్టన్ నుంచి బయల్దేరారు. నల్లవాళ్ళకి హోటల్లో గది ఇవ్వని దక్షిణాది రాష్ట్రాల మీదుగా అంత దూరం ప్రయాణం!

వెళ్ళి క్లినిక్‌లు తెరిచారు. కానీ పంటలో వాటాకి పొలం చేసుకునే కూలీల్ని పొలం వదిలి రానివ్వడానికి పత్తి భూస్వాములు ఒప్పుకోలేదు. ఇంకొకరైతే అక్కడితో సామాను సర్దుకుని వెనక్కి వచ్చేవారేమో. వీళ్ళు కార్లనే క్లినిక్‌లుగా మార్చి, మందులు, సూదులు వేసుకుని పత్తిచేల దగ్గరికే పోయారు. నడుముకి తుపాకులు పెట్టుకున్న కాపలాదార్లు గుర్రాల మీద ఆ గుంపుల మధ్య తిరుగుతుంటే, వీళ్ళు పిల్లల్ని వరసలో నిలబెట్టి టీకాలు వేశారు. ఆ భయం తల్లులకి ఎంతుండాలి, వచ్చిన ఆడవాళ్ళకి ఎంతుండాలి! అలా 1942 దాకా ఏటా వేసవిలో కొన్ని వారాలు. మశూచికి, డిఫ్తీరియాకి టీకాలు వేయించుకున్న పిల్లలే 15,000 మందికి పైగా. పళ్ళు చూడటం, మలేరియాకి వైద్యం దానికి అదనం. చివరికి యుద్ధంలో పెట్రోలుకి, టైర్లకి రేషన్ వచ్చి ఆగిపోయింది.

వాళ్ళెవరూ దీనికి జీతం తీసుకోలేదు. ఎండాకాలం సెలవుల్లో చేసిన పని అది. నాకు గర్వంగా అనిపించింది, నా వాళ్ళు కాకపోయినా.

ఈ రోజు మేం చూసింది ముప్పై నలుగురిని. రాత్రి డ్యూటీ దిగి యూనిఫాంతోనే బట్టలు ఉతుక్కోవడానికి వచ్చిన సెక్యూరిటీ గార్డుకి పై అంకె 190 దాటింది. నాకు టెన్షన్ వచ్చేసింది. ఆవిడ మాత్రం కంగారు పడకుండా అతని పక్కన కూర్చుని పది నిమిషాలు పిల్లల గురించి మాట్లాడించి, మళ్ళీ చూశారు. అప్పుడూ తగ్గలేదు. మా నర్సు ఫోన్ చేసి వెంటనే డాక్టరు చూసేలా ఏర్పాటు చేసింది. అతని తడిబట్టలు డ్రయ్యర్‌లో వేసి, ఆరాక మడతపెట్టి, వాళ్ళ ఫ్లాట్‌లో ఇచ్చి వచ్చింది మా గుంపులోని పిల్ల ఒకతె.

ఇంకొకావిడకి స్పానిష్ తప్ప రాదు. ఏ మందులు వాడుతున్నారని అడగడం కూడా నాకు చేతకాలేదు. ఆమె నవ్వి, చెయ్యి చాపి, చూపించుకుని వెళ్ళిపోయింది. ఏం అడగాలో అన్నీ తెలిసి ఒక్క ప్రశ్నా అడగలేకపోయాను.

సాయంత్రం అమ్మకి ఫోన్ చేసి పత్తిచేల సంగతి చెప్పాను. గుంటూరు జిల్లాలో పుట్టి పెరిగిన మనిషి, ఇరవై ఏళ్ళ దాకా పత్తి తీతకి వెళ్ళింది. ఎందుకు రానివ్వలేదని అడగలేదు. "పత్తి తీసేటప్పుడు పని వదిలి ఎవరు వస్తారమ్మా? కిలోల లెక్క కదా. జ్వరమొచ్చినా తీస్తూనే ఉండేవాళ్ళం. చేలోకి డాక్టరు వచ్చుంటే మీ పెద్దమ్మ కాలు బాగయ్యేదేమో" అంది. పెద్దమ్మ కాలు సంగతి అమ్మ ఎప్పుడో గానీ ఎత్తదు. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు.

వచ్చే నెల క్యాంపు బస్సులు ఆగే చోట, తెల్లవారుజామున ఐదింటికి. నా పేరు రాయించాను. స్పానిష్‌లో అడగాల్సిన నాలుగు ప్రశ్నలు తెలుగు లిపిలో కాగితం మీద రాసుకుని ఫ్రిజ్‌కి అంటించాను. పాలు తీసినప్పుడల్లా ఒకసారి పైకి చదువుతున్నాను.