వెదురు పొద పలచన చేయించాం

పండగ అయిపోయింది, చుట్టాలూ వెళ్లిపోయారు. ఇక పెరట్లో వెదురు పని పట్టాలనుకుని, పొద్దున్నే తట్టలల్లే తాతకి కబురు పంపాను. కడియం నర్సరీలో కొని ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చిన పసుపు వెదురు ఇప్పుడు పక్కింటి డాబా మీదకి వంగుతోంది. "మీ ఆకులు ఊడ్చలేక చస్తున్నానమ్మా" అని పిన్నిగారు అంటూనే ఉన్నారు. వెదురు పెంచితే పాములు చేరతాయని మా అత్తగారి బెంగ అదనం.

ఈ పొదతో చిక్కేమిటంటే, చేతికి అందేవి నరక్కూడదు, నరకాల్సినవి చేతికందవు. ఈ రకం వెదురు తోటంతా పాకిపోదు. దుంప పక్కన దుంప వేసుకుంటూ మెల్లగా బయటికి జరుగుతుంది. అందుకే ముదురువి నడిమధ్యన, లేతవి అంచున ఉంటాయి. వచ్చే వానల్లో కొత్త కొమ్ములు ఎక్కువగా వేసేది ఆ అంచువే. సులువు కదా అని చుట్టూ నరుక్కుంటూ పోతే మధ్యలో ముసలివి మిగిలి, గాలి ఆడక పొద కుంచించుకుపోతుంది.

పోనీ లావు చూసి ముదురువి ఏరదామంటే అదీ కుదరదు. బొంగు ఎంత లావుతో నేలలోంచి వస్తుందో చివరిదాకా అంతే లావు. పొడవు పెరగడం కూడా కొన్ని నెలల్లోనే అయిపోతుంది, ఆ తర్వాత గట్టిపడటమే. అందుకని కొత్త బొంగు వచ్చినప్పుడల్లా దాని మీద పెయింటుతో సంవత్సరం వేస్తున్నాను. తాత ఆ అంకెలు చూసి నవ్వాడు. బొంగు మొదలు దగ్గర, దాన్ని చుట్టుకుని ఉండే పొరల్లాంటి తొడుగులు ఇంకా అంటుకుని ఉంటే పసిది, రంగు మాసి తెల్లమచ్చలు పడితే ముదురు, ఆయన లెక్క అంతే. మూడేళ్లు దాటినవే తీయమన్నాను.

ముందు కింది కొమ్మలు కొట్టి దారి చేసుకున్నాడు. తర్వాత రంపంతో నేలకి జానెడు ఎత్తులో, సరిగ్గా కణుపు పైన కోశాడు. రెండు కణుపుల మధ్య కోస్తే మొదలు గ్లాసులా నిలబడి నీళ్లు పడతాయి, దోమలకి అదే చాలు. కోయడం ఎంతసేపు! పైన కొమ్మలు పెనవేసుకుని ఉంటాయి కదా, తెగిన బొంగు కూడా కింద పడదు. ఇద్దరం మొదలు పట్టుకుని లాగేసరికి నా భుజాలు పోయాయి. తొడుగుల నూగు మెడకి తగిలి ఒకటే దురద.

రాలిన ఆకులు పొద మొదట్లోనే పరిచి పైన పేడ ఎరువు, మట్టి ఎగదోశాం. భోగిమంటకి పిల్లలు ఆకులు అడిగితే ఇవ్వనిది ఇందుకే.

ఇన్ని బొంగులు వచ్చినా తాతకి ఆశ లేదు. "పసుపుది బద్ద సరిగ్గా చీలదమ్మా, తట్టకి పనికిరాదు" అన్నాడు. ఇదివరకు వెదురు బండి కదలాలంటే కాగితాలు అడిగేవారని టీ తాగుతూ చెప్పాడు. నిజమే, 1927 నాటి అటవీ చట్టం వెదురుని చెట్ల లెక్కలో కలిపింది. గడ్డిజాతి మొక్కని ఆ లెక్కలోంచి తీసేయడానికి 2017 దాకా పట్టింది!

బొంగుల్ని నీళ్లతొట్టిలో నానబెట్టాలి. లోపలి పిండిపదార్థం కొంత దిగిపోతే పురుగు అంతగా తినదు. తొట్టికి ఎత్తుతుంటే పిన్నిగారు గోడ మీంచి చూసి, దొండ పందిరికి నాలుగు కావాలన్నారు. నానిన తర్వాత ఇస్తానంటే వినలేదు. పచ్చివే పట్టుకెళ్లి సాయంత్రానికల్లా పందిరి కట్టించేశారు.