పర్లాకిమిడి జీడితోటలో ఏడాది కట్టెలు

నౌపడలో గుణుపురం రైలెక్కితే టెక్కలి, పాతపట్నం దాటాక పర్లాకిమిడి వస్తుంది. 1900లో చిన్న పట్టాల మీద మొదలైన దారి ఇది, 2011 నుంచి పెద్ద రైళ్లు తిరుగుతున్నాయి. ఊరు ఒడిశాలో కలిసింది 1936లోనే అయినా బజారులో తెలుగు ధారాళంగా వినిపిస్తుంది. మహేంద్రగిరి వైపు కొంత దూరం వెళ్తే, తెలిసినవాళ్ల జీడితోటలో ముదురు చెట్లు తీసేస్తున్నారు. గట్ల మీది నీలగిరి, చింత కొమ్మలూ నేల మీదే ఉన్నాయి. ఏడాదికి సరిపడా వంటచెరకు తయారయ్యే తీరు చూడటానికే వెళ్లాను.

మాఘమాసంలో నరకడం సరైన లెక్క. జూన్ నడిమికి వానలు దిగుతాయి, ఆలోపు నాలుగు నెలల ఎండా గాలీ దొరుకుతాయి. పచ్చికట్టె బరువులో సుమారు సగం నీరే. పది కిలోల పచ్చికట్టె బాగా ఆరితే ఆరు కిలోల పైచిలుకు మిగులుతుంది. ఆ తేడా అంతా ఆరుబయట పోవాలి. లేదంటే పొయ్యిలో మంట ముందుగా కట్టెలోని నీళ్లు మరిగించే పనిలో పడుతుంది, వంటామెకు పొగే మిగులుతుంది.

కట్టెలో నీరు నిలువుగా, కట్ట కట్టిన సన్నని గొట్టాల్లాంటి దారుల్లో నడుస్తుంది. కాబట్టి తెగిన కొసల నుంచి త్వరగా పోతుంది, బెరడులోంచి మాత్రం దాదాపు పోదు. చీల్చకుండా వదిలేసిన దుంగ పైకి ఎండినట్టు కనిపించినా, లోపల ఏడాది తర్వాత కూడా తడిగానే ఉంటుంది. అందుకే అడుగున్నర పొడవున కోసిన వెంటనే చీల్చడం మొదలుపెడతారు.

"నీలగిరిని పచ్చిమీదే పగలగొట్టెయ్యాలి బాబూ, ఆరిందంటే గొడ్డలి దిగదు" అన్నాడు కట్టెలు కొట్టే పెద్దాయన. నిజమే, దాని పోగులు మెలితిరిగి ఉంటాయి, ఆరేకొద్దీ బిగుసుకుంటాయి. చింత అంతకన్నా మొండిది. చింతమొద్దుని నడిమికి కొట్టకూడదు. అంచు నుంచి రెండంగుళాలు వదిలి పేళ్లు తీసుకుంటూ చుట్టూ తిరగాలి. కణుపు ఉన్న చోట దెబ్బ వృథా. కొసలో అప్పటికే కనిపించే పగులు వెంటే కొట్టాలి. లావు మొద్దుకి ఆ పగుల్లో ఇనుప చీల పెట్టి సమ్మెటతో దింపాలి. గొడ్డలి వెనక వైపుతో చీలని కొడితే కామ (గొడ్డలి పిడి) దూర్చే కన్ను సాగిపోతుంది. చీల తల పువ్వులా విచ్చుకుంటే ఆ అంచుల్ని సానపట్టి తీసెయ్యాలి, లేకపోతే ముక్కలు ఎగిరి కంట్లో పడతాయి.

కొట్టే కట్టె కింద మోకాలికన్నా తక్కువ ఎత్తున్న మొద్దు ఒకటి పెట్టాలి. గురి తప్పిన గొడ్డలి అప్పుడు కాలికి కాక మొద్దులో దిగుతుంది. గొడ్డలి ఇరుక్కుంటే పక్కకి ఊపి లాగితే కామ విరుగుతుంది. కామ పట్టుకునే కొసని చేత్తో పైనుంచి చిన్నగా చరచాలి. వదులైన కామని నీళ్లలో నానబెట్టడం ఒక్కపూట ఉపాయమే. ఆరగానే మళ్లీ వదులవుతుంది కాబట్టి తలలో చెక్క చీల దిగగొట్టడమే మంచిది.

జీడిని కొట్టేటప్పుడు చేతులకి గుడ్డ చుట్టుకున్నారు. పచ్చి బెరడు రసం తగిలితే చర్మం పొక్కుతుంది.

అసలు పనితనం పేర్చడంలో ఉంది. రాళ్ల మీద రెండు వెదురు బొంగులు అరడుగు ఎత్తున పరిచారు. నేలకి ఆనితే చెదలు పట్టడం ఖాయం. వరుస చివర్లలో పేళ్లని ఒకదాని మీద ఒకటి అడ్డంగా, రెండు ఇటు రెండు అటు, గుంజలా కట్టారు. మధ్యలోవి ఒకే దిశలో, తెగిన కొసలు గాలి వచ్చే వైపుకి. ఎత్తు నాలుగడుగులు దాటనివ్వలేదు. ఎండ తగిలే వైపు ముందు ఆరి కుంచించుకుపోతుంది, ఎత్తయిన వరుస అటే ఒరుగుతుంది. ఇంటి గోడకి ఆనించకుండా అడుగుకు పైగా వదిలారు. గాలికీ మంచిది, పాము దూరితే కనిపిస్తుంది కూడా. పై వరుసలో బెరడు పైకి పెట్టారు, వాన దాని మీద నుంచి జారిపోతుంది.

కప్పడంలోనే చాలామంది పని చెడగొట్టుకుంటారు. టార్పాలిన్ నేలదాకా దించి చుట్టేస్తే ఆవిరి లోపలే నిలిచి తెల్ల బూజు పడుతుంది. పైన మాత్రమే రేకు వేసి, అరడుగు బయటికి వదిలి, బరువు రాళ్లు పెట్టాలి. పక్కలన్నీ తెరిచి ఉండాలి. ఇక్కడ అక్టోబరు గాలి అంటే తేలిక కాదు. 2018లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి, ఈ ఊరున్న గజపతి జిల్లాని కుదిపేసింది. అందుకే రేకు అంచుల్ని తీగతో వెదురుకి కట్టి కూడా పెడతారు.

ఆరిందో లేదో చెప్పడానికి ఒక పేడుకి సున్నం గుర్తు పెట్టి వారం వారం కాటా వెయ్యడం నాకు నచ్చిన పద్ధతి. బరువు తగ్గడం ఆగిందంటే ఆ గాలికి ఆరగలిగినంత ఆరినట్టే. కాటా లేనివాళ్లు రెండు పేళ్లు కొట్టి చూస్తారు. ఆరినవి ఖంగుమంటాయి, పచ్చివి మొద్దుగా పలుకుతాయి. కొసల్లో నక్షత్రంలా పగుళ్లు, వదులైన బెరడు మరో గుర్తు.

పేడు కింద పిండిలాంటి పొడి రాలితే పుచ్చుపురుగు పట్టినట్టు. అలాంటివి ముందు పొయ్యిలో పెట్టెయ్యాలి, దూలాలున్న వంటింట్లో నిల్వ ఉంచకూడదు.