గుడిస కొండకి చిన్న బండిలో

పోయినేడు వానాకాలంలో మారేడుమిల్లి దాటాక ఒక మట్టిదారిలో నా పాత హ్యాచ్‌బ్యాక్ అడుగున రాయి తగిలి ఆయిల్ సంప్ పగిలింది. ఇంజన్ ఆయిలంతా ఎర్రమట్టిలోకి కారిపోతుంటే నేనూ మా ఆవిడా పక్కన నిలబడి చూస్తూ ఉండిపోయాం. సాయంత్రానికి ఎవరో పుణ్యాత్ముడు ట్రాక్టరుకి తాడు కట్టి రోడ్డు దాకా లాక్కొచ్చాడు. ఆ రాత్రి ఇంటికి వస్తూ ఇద్దరం ఒకటే మాట అనుకున్నాం. మన్యం తిరగడం మానలేం, కాబట్టి బండి మార్చాలి.

మాది రాజమండ్రి. మా ఆవిడకి పక్షుల ఫొటోలంటే ప్రాణం. నెలకి రెండు ఆదివారాలైనా రంపచోడవరం వైపు వెళ్లాల్సిందే. మిగతా రోజుల్లో అదే బండి ఆఫీసుకి వెళ్లాలి, పాపను స్కూల్లో దింపాలి, మార్కెట్ సందుల్లో దూరాలి. అంటే మాకు కావాల్సింది రాళ్లదారి ఎక్కగలిగే చిన్న బండి. పైగా నెలాఖరున పెట్రోలు ఖర్చు చూస్తే గుండె జారకూడదు.

మూడు నెలలు వెతికాను. వెతికే కొద్దీ నాకు అర్థమైంది ఏమిటంటే, నాలుగు చక్రాలకీ పవర్ వెళ్లే బండ్లన్నీ, అంటే ఫోర్ బై ఫోర్‌లన్నీ, ఒక జాతి కావు. మారుతి గ్రాండ్ విటారాలో ఆల్‌గ్రిప్ అని నాలుగు చక్రాలకీ పవర్ పంపే మోడల్ ఉంది. 2022లో వచ్చినప్పుడు దాని మాన్యువల్ గేర్ల బండికి కంపెనీ చెప్పిన మైలేజీ లీటరుకి 19.38 కిలోమీటర్లు. చాలా మంచి అంకె. కానీ అందులో లో రేంజ్ గేరు, అంటే వేగం తగ్గించి బలం పెంచే గేరు, లేదు. మారుతి జిమ్నీలో ఉంది. దాని మాన్యువల్‌కి చెప్పిన మైలేజీ 16.94. మహీంద్రా థార్ ఫోర్ బై ఫోర్‌లోనూ లో రేంజ్ ఉంది, డీజిల్ ఇంజన్ బలం ఉంది, కానీ వెడల్పు 1820 మిల్లీమీటర్లు. జిమ్నీ 1645. ఈ 175 మిల్లీమీటర్ల తేడా కాగితం మీద చిన్నదే. మా వీధి మలుపులో, కొండ అంచున మాత్రం చిన్నది కాదు.

లో రేంజ్ లేకుండా రెండున్నర కిలోమీటర్ల మైలేజీ మిగుల్చుకోవాలా, మైలేజీ వదులుకుని లో రేంజ్ తీసుకోవాలా? ఇది షోరూమ్‌లో తేలే విషయం కాదు. డిసెంబరులో ఒక శనివారం బయల్దేరాం. మా బావ దగ్గర జిమ్నీ మాన్యువల్ ఉంది. ఆఫీసులో నా స్నేహితుడి దగ్గర ఒక పెద్ద డీజిల్ ఫోర్ బై ఫోర్ ఉంది. రెండు బండ్లూ ఒకే రోజు ఒకే దారిలో నడవాలి, పెట్రోలు, డీజిల్ లెక్క రాసుకోవాలి, సగం దూరం నేనే నడపాలి. ఇదీ ఒప్పందం.

రాజమండ్రిలో బంకు నాజిల్ దానంతటదే ఆగేదాకా పట్టించి ట్రిప్ మీటర్ సున్నా చేశాం. గోకవరం మీదుగా రంపచోడవరం. అక్కడ మళ్లీ అలాగే ఆగేదాకా పట్టించాం. జిమ్నీకి లీటరుకి 14.6 వచ్చింది. డీజిల్ బండికి 13కి కాస్త తక్కువ. దూరం తక్కువ కాబట్టి ఈ అంకెల్ని మరీ గట్టిగా నమ్మలేం. అయినా అసలు పరీక్ష ఇది కాదు.

మారేడుమిల్లి ఘాట్ గురించి ఎంత చెప్పినా తనివి తీరదు. రెండు వైపులా వెదురు పొదలు వంగి, ఎండ రోడ్డు మీద చారలు చారలుగా పడుతుంది. ఆ మలుపుల్లో జిమ్నీ కొంచెం ఊగుతుంది. ఎత్తైన బండి, సన్నటి టైర్లు, లారీలకు ఉండే లాంటి లాడర్ ఫ్రేమ్. కారులాగా రోడ్డుకి అతుక్కుని పోదు. మలుపుకి ముందే వేగం తగ్గించుకుని వెళ్తే ఇబ్బంది లేదు. కానీ ఈ తేడా కొనేవాళ్లకి ముందే తెలిసి ఉండాలి. హైవే మీద వంద దాటి గంటలు గంటలు నడిపేవాళ్లకి ఇది సుఖమైన బండి కాదు.

రాత్రి మారేడుమిల్లిలో బొంగులో చికెన్ తిని పడుకున్నాం. తెల్లారి మూడున్నరకి లేచి గుడిస బయల్దేరాం. సూర్యుడు రాకముందే పైన ఉంటే మబ్బులు కాళ్ల కింద కనిపిస్తాయి. అందుకే ఆ వేళకి లోకల్ జీపులు కూడా వరస కడతాయి. చాలామంది తమ కార్లు కిందే ఆపేసి ఆ జీపుల్లో ఎక్కుతారు.

పుల్లంగి దాటాక దారి మారిపోయింది. అక్కడ ఆగి టైర్లలో గాలి తీశాం. మా బావ చిన్న గేజ్ పెట్టి ఒక్కో టైరులో గాలి ఒత్తిడి 18 పీఎస్‌ఐకి దించాడు. గాలి తగ్గితే టైరు వెడల్పుగా పరుచుకుని రాయిని పట్టుకుంటుంది, లోపల కూర్చున్నవాళ్ల నడుముకీ కుదుపు తగ్గుతుంది. మళ్లీ తారు రోడ్డు ఎక్కే ముందు నింపుకోవడానికి బండి సాకెట్‌కి పెట్టే చిన్న కంప్రెసర్ ఉండాలి. నా లెక్కలో ఎల్‌ఈడీ లైట్ల కంటే, రూఫ్ మీద క్యారియర్ కంటే ముందు కొనాల్సిన వస్తువు ఇది.

స్టీరింగ్ నేను తీసుకున్నాను. గేరు పక్కనే రెండో లివర్ ఉంటుంది. మామూలుగా వెనక చక్రాలకే పవర్. లివర్ వెనక్కి లాగితే ఫోర్ హై, అంటే మామూలు వేగంలోనే నాలుగు చక్రాలకీ పవర్. బండి పూర్తిగా ఆపి, క్లచ్ తొక్కి, లివర్ కిందికి నొక్కి ఇంకా వెనక్కి లాగితే ఫోర్ లో, అంటే నాలుగు చక్రాలకీ లో రేంజ్. అది పడగానే బండి స్వభావమే మారిపోయింది. ఫస్ట్ గేర్‌లో యాక్సిలరేటర్ మీద కాలు పెట్టకపోయినా నడిచే మనిషి వేగంతో రాళ్ల మీదకి ఎక్కేస్తోంది. లో రేంజ్‌లో వేగం సగమవుతుంది, చక్రం దగ్గర బలం రెండింతలవుతుంది. ఇంజన్ 134 న్యూటన్ మీటర్లదే. డీజిల్ బండ్లతో పోలిస్తే అది తక్కువే. కానీ ఈ గేరు ఉంటే ఆ తక్కువ సరిపోతుంది. లేకపోతే మనం క్లచ్ సగం తొక్కి ఇంజన్ని అరిపిస్తాం, రెండో మలుపుకల్లా క్లచ్ కాలిన వాసన వస్తుంది. నా పాత బండిలో ఆ వాసన నాకు బాగా తెలుసు.

ఇంకో సంగతి. ఫోర్ హై, ఫోర్ లో రెండూ మట్టి మీదే వాడాలి. ఈ బండిలో ముందు ఇరుసూ వెనక ఇరుసూ కలిసిపోయి ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనక వాటికంటే ఎక్కువ దూరం వెళ్లాలి కదా. మట్టిలో అయితే టైరు కాస్త జారి సర్దుకుంటుంది. ఎండిన తారు మీద జారడానికి వీలుండదు, బండి కట్టేసినట్టు బిగుసుకుంటుంది, లోపల గేర్ల మీద భారం పడుతుంది. కొత్తగా కొన్నవాళ్లు చాలామంది ఇది తెలియక ఘాట్ రోడ్డు మీద కూడా ఫోర్ హైలో నడిపేస్తారు. పెట్రోలూ వృథా, బండికీ చేటు.

సగం దూరంలో దారి ఎడమకి ఒరిగి ఉన్నచోట వాన నీళ్లు కోసేసిన గాడి ఒకటి అడ్డంగా వచ్చింది. కుడి ముందు చక్రం గాడిలోకి దిగింది, వెనక ఎడమ చక్రం గాల్లోకి లేచింది. నేల వదిలిన చక్రం బరబరా తిరుగుతోంది, బండి కదలట్లేదు. నాకు టెన్షన్ పుట్టింది. "కాలు తీయకు బావా, అలాగే తొక్కి ఉంచు" అన్నాడు మా బావ. కాలు కదల్చకుండా ఉంచాను. కింద నుంచి టకటకా చప్పుడు మొదలైంది. ఊరికే తిరుగుతున్న చక్రానికి బండే బ్రేకు వేస్తోంది, దాంతో అటు పోయే పవర్ నేల మీదున్న చక్రానికి మళ్లుతోంది. రెండు క్షణాలు, మూడు క్షణాలు. ఆ తర్వాత బండి ఒక్కసారి ఊగి, గాడి దాటి, ఏమీ ఎరగనట్టు ముందుకి నడిచింది. వెనక సీట్లో మా ఆవిడ కెమెరా బ్యాగ్‌ని గుండెలకి హత్తుకుని కూర్చుని ఉంది.

అసలు తేడా ఆ తర్వాత వచ్చిన బురదలో తెలిసింది. ముందు రోజుల్లో పడ్డ వానకి ఒక ఇరవై అడుగుల మేర మెత్తగా ఉంది. జిమ్నీ బరువు 1200 కిలోలు, అటూ ఇటూ. నలుగురం కూర్చున్నా పైపైనే దాటేసింది. వెనకొచ్చిన డీజిల్ బండి అంతకంటే అర టన్ను పైనే ఎక్కువ. నా స్నేహితుడు బాగానే నడుపుతాడు, టైర్లు కూడా మంచివే. కానీ సగంలో చక్రాలు దిగిపోయి ఇరుసు బురదకి ఆనింది. వెనక వస్తున్న లోకల్ జీపు డ్రైవరు దిగి చూసి, "రేస్ చేయకండి సార్, ఇంకా దిగుద్ది. ఉండండి" అని తన దగ్గరున్న పార తీసి టైర్ల ముందు మట్టి చెక్కి, కొమ్మలు పరిచి, జీపుకి తాడు కట్టి ఒక్క లాగుతో బయటకి తీశాడు. ఆ దారిలో రోజూ తిరిగే మనిషి. ఆయన చెప్పిన ఇంకో మాట కూడా రాసుకున్నాను: "దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టి కూర్చోకండి. చిన్న గేర్లో వదిలేయండి, ఇంజనే ఆపుద్ది."

పైకి చేరేసరికి తూర్పు ఎర్రబడింది. గుడిస మీద చెట్లుండవు, కొండంతా గడ్డే. గాలికి ఆ గడ్డి అలలాగా కదులుతుంది, కింద లోయల నిండా మబ్బు. కొన్నిచోట్ల గడ్డి మీద టైర్ల చారలు పడి ఉన్నాయి. బలం ఉంది కదా అని దారి వదిలి బండి తోలినవాళ్ల పని. అలా ఒరుసుకుపోయిన చోట వానకి మట్టి కోసుకుపోతుంది, ఆ గాయం మానడానికి ఏళ్లు పడుతుంది. నాకు చాలా బాధేసింది. ఫోర్ బై ఫోర్ ఉన్నది దారి బాగాలేని చోట దారి మీద నడవడానికి, దారే లేని చోట తొక్కడానికి కాదు. మేం బండ్లు దారి పక్కనే ఆపి నడిచి వెళ్లాం.

దిగేటప్పుడు జీపాయన చెప్పినట్టే చేశాను. ఫోర్ లో, ఫస్ట్ గేర్, కాళ్లు రెండూ ఖాళీ. బండి తనంతట తాను మెల్లగా దిగింది. ఒక్కచోట మాత్రం దిమ్మ లాంటి రాయి మీద ముందు చక్రాలు దిగాక నడుమ భాగం రాసుకుంది. అయిదు డోర్ల జిమ్నీ పొడవు పెంచడం వల్ల వచ్చిన ఇబ్బంది ఇది. విదేశాల్లో దొరికే మూడు డోర్లదానికి ఈ నడుమ కోణం, అంటే కడుపు తగలకుండా దాటగలిగే దిమ్మ వాలు, 28 డిగ్రీలు, మనదానికి 24. మూతి తగలకుండా ఎక్కగలిగే ముందు కోణం 36 ఉండటంతో ఎక్కేటప్పుడు ఇబ్బంది ఉండదు, అందుకే కొండ ఎక్కాక కడుపు సంగతి మరిచిపోతాం. రాయి కనిపిస్తే దాని మీదుగా కాకుండా, ఒక పక్క చక్రాలు దాని మీద ఎక్కేలా పోనివ్వాలి.

మధ్యాహ్నం రంపచోడవరం బంకులో మళ్లీ నాజిల్ ఆగేదాకా పట్టించాం. జిమ్నీ ట్రిప్ మీటర్‌లో 146 కిలోమీటర్లు, పట్టింది 14.2 లీటర్లు. అంటే లీటరుకి 10.3. డీజిల్ బండికి 8.7 వచ్చింది. అంటే కాగితం మీద 16.94 అని రాసి ఉన్నది కొండ మీద పదికి దిగుతుంది. ట్యాంకు 40 లీటర్లు కాబట్టి మన్యంలో రెండు రోజుల తిరుగుడుకి దిగులు లేదు. నాకు ఈ పది చాలు. ఎందుకంటే ఆ గాడి దగ్గర, ఆ దిగుడులో లో రేంజ్ లేని బండితో నేను వెనక్కి తిరిగేవాణ్ని. ఏడాదికి ఇరవై సార్లు కొండెక్కే మాకు, మిగిలిన రోజుల్లో ఆ రెండున్నర కిలోమీటర్ల మైలేజీ తేడా పెద్ద బరువు కాదు. ఏడాదికోసారి లంబసింగి చలి చూడటానికి తారు రోడ్డు మీద వెళ్లేవాళ్లకైతే నేనే చెప్తాను, ఈ బండి వద్దు, ఆల్‌గ్రిప్ కూడా అక్కర్లేదు, మామూలు కారు చాలు.

మా ఆవిడకి ఒక్క అభ్యంతరం మిగిలింది. వెనక సీట్లు వేసి ఉంటే డిక్కీ 208 లీటర్లే. రాజమండ్రి చేరాక ఇంటి ముందే కెమెరా పెట్టె, ట్రైపాడ్, పాప సంచి, నీళ్ల క్యాన్ అన్నీ తెచ్చి సర్ది చూసింది. క్యాన్ పట్టలేదు. వెనక సీటు ఒక సగం మడిచాక పట్టింది. "ముగ్గురమే కదా, సరిపోద్దిలే" అంది.

మర్నాడు జిమ్నీ మాన్యువల్‌కి డబ్బు కట్టేశాను. బండి వచ్చేలోపే గాలి గేజూ, కంప్రెసరూ, ఒక చిన్న పారా కొని ఇంట్లో పెట్టుకున్నాం.