3 ఆఠీన్ – డబుల్ – 4 ఆఠీన్ – డబుల్: ఈ రెండో డబుల్ ఇంకా తేలలేదు

బ్రిడ్జ్ టీమ్ మ్యాచ్‌లో ఒక్క బోర్డు (ఒకసారి పంచిన నాలుగు చేతులు) మీదే 15 ఇంప్‌లు (రెండు టేబుళ్ల స్కోర్ల తేడాని మార్చి ఇచ్చే పాయింట్లు) పోయాయి. ఆ బోర్డు సంగతేంటో తేల్చేదాకా వేరే చేయి మీదికి మనసు పోవడం లేదు.

మిగతావి బాగానే ఉన్నాయి. వీక్ టూ (బలహీనమైన చేతితో రెండో స్థాయిలో తెరవడం) మీద మా డబుల్, దానికి లెబెన్‌సోల్ (బలహీనమైన చేతిని, బలమైన చేతిని వేరుచేసి చెప్పే పద్ధతి) జవాబులు ఇప్పుడు తడుముకోకుండా వస్తున్నాయి. మేం 1 డైమన్ తెరిచాక (మొదటి బిడ్‌గా చెప్పాక) అవతలివాళ్లు 3 ఇస్పేట్‌కి దూకితే చేసే నెగటివ్ డబుల్ (ఇంకా చెప్పని రంగులున్నాయని తెలిపే డబుల్) కూడా కుదిరింది. కొరకరాని కొయ్య ఒక్కటే. వాళ్లు 3 ఆఠీన్ తెరిచారు, నేను డబుల్ చేశాను, 4 ఆఠీన్‌కి లేపారు. అప్పుడు పార్ట్‌నర్ డబుల్ చేస్తే ఏమనుకోవాలి? వాళ్లని దించే పెనాల్టీకా, నన్ను రంగు చెప్పమనా?

నా చేయి ఇది: ఇస్పేట్ ఆసు రాణి 7 4, ఆఠీన్ 6, డైమన్ రాజు రాణి 8 3, కళావర్ ఆసు జాకీ 9 2. పెద్ద ముక్కలకి 16 పాయింట్లు. మేం వల్నరబుల్ (బోనస్‌లు, జరిమానాలు రెండూ ఎక్కువుండే స్థితి), వాళ్లు కాదు. టేకౌట్ డబుల్‌కి (పార్ట్‌నర్‌ని రంగు చెప్పమనే డబుల్‌కి) ఇంతకన్నా నికార్సైన చేయి దొరకదు. మా కన్వెన్షన్ కార్డు (బిడ్ల ఒప్పందాలు రాసుకున్న కార్డు) మీద మాత్రం "నాలుగో స్థాయిలో డబుల్ అంటే పాయింట్లున్నాయి, మామూలుగా పాస్" అని ఉంది. దాని ప్రకారమే పాస్ అన్నాను.

పార్ట్‌నర్ దగ్గరున్నవి: ఇస్పేట్ 8 5, ఆఠీన్ 5 4, డైమన్ ఆసు జాకీ 7 5, కళావర్ రాజు 10 7 6 3. ఎనిమిదే పాయింట్లు, కానీ రెండు మైనర్లూ (డైమన్, కళావర్) ఉన్నాయి. "నీకు నచ్చిన మైనర్ చెప్పు" అన్నది తన ఉద్దేశం.

డైమన్ రాజుతో మొదలుపెట్టి కళావర్ ఆసు తీశాను. ఆ తర్వాత మాకు దక్కింది ఇస్పేట్ ఆసు ఒక్కటే. డిక్లేరర్‌కి (ఆట ఆడేవాడికి, అంటే 3 ఆఠీన్ తెరిచినవాడికి) ఏడు ఆఠీన్లు, నాలుగు డైమన్లు, ఇస్పేట్ ఒకటి, కళావర్ ఒకటి. డమ్మీలో (బల్ల మీద పరిచిన వాడి పార్ట్‌నర్ చేతిలో) ఒంటి డైమన్, మూడు తురుపులు. రెండు డైమన్లు అక్కడ తురుపుతో కోసి, ఆఖరిదాన్ని ఇస్పేట్ రాజు మీద పారేశాడు. వాళ్లకి 590. రెండో టేబుల్లో మా చేతులతోనే అవతలి జట్టు 5 కళావర్ ఆడింది. ఆఠీన్ ఒకటి, ఇస్పేట్ ఒకటి పోయాయంతే. ప్రీఎంప్ట్ చేసినవాడికి (ఎత్తు బిడ్‌తో తెరిచి దారి మూసినవాడికి) ఏడు ఆఠీన్లున్నాయి కాబట్టి కళావర్ రాణి వాడి పార్ట్‌నర్ దగ్గర ఉండే అవకాశమే ఎక్కువ. ముందు ఆసు తీసి, తర్వాత జాకీని నడిపితే ఆ రాణి చిక్కుతుంది. అక్కడ 600. రెండూ కలిపి 1190, అంటే 15 ఇంప్‌లు.

తురుపులు రెండు వైపులా కలిపి 10, 9... మొత్తం 19. ట్రిక్కులేమో 10, 11... మొత్తం 21. మొత్తం ట్రిక్కుల సూత్రం (రెండు జట్ల ట్రిక్కుల మొత్తం, తురుపుల మొత్తం దాదాపు సమానమనే లెక్క) కన్నా రెండెక్కువ. ప్రీఎంప్ట్ చేసినవాడికి రెండు రంగుల్లో సింగిల్టన్లు (ఒంటి ముక్కలు), డమ్మీలో ఇంకో సింగిల్టన్ ఉండడమే కారణమని నా అంచనా. ఇలాంటి బోర్డుల్లో డిఫెండ్ చేసేవాళ్లకే దెబ్బ.

ఇక అసలు లెక్క. తెరిచినవాడికి 7 ఆఠీన్లు, లేపినవాడికి 2 లేదా 3, నాకు 1. పదమూడులో పార్ట్‌నర్‌కి మిగిలేవి రెండో మూడో. ఆఠీన్లు పేర్చుకుని కొట్టే పెనాల్టీ డబుల్ అక్కడ పుట్టడమే అరుదు. అలాంటి చేయి కోసం డబుల్‌ని దాచిపెట్టుకోవడం దండగ. పైగా నాలుగు ఇస్పేట్లుంటే తను 4 ఇస్పేట్ చెప్పేస్తుంది. చెప్పకుండా డబుల్ చేసిందంటే చేతిలో మైనర్లే ఉండాలి.

మా ముందు రెండు దారులున్నాయి. 4 ఆఠీన్ దాకా డబుల్‌ని రెస్పాన్సివ్‌గా (నా డబుల్‌కి జవాబుగా, నన్నే రంగు ఎంచమనేలా) ఆడడం ఒకటి. డబుల్‌ని పాయింట్లకే ఉంచి, మైనర్లకి 4 నోట్రంప్ (తురుపు లేని బిడ్) వాడడం రెండోది. నా మొగ్గు మొదటిదానికే. 4 నోట్రంప్ చెప్తే అయిదో స్థాయికి పోక తప్పదు. రెస్పాన్సివ్ డబుల్ అయితే, నా డబుల్ 3-2-4-4 (ఇస్పేట్, ఆఠీన్, డైమన్, కళావర్ వరసలో) చేతితో ఆఠీన్ ఆసు పట్టుకుని చేసిందైనప్పుడు పాస్ చేసి వాళ్లని దించొచ్చు. 4-1-4-4తో అయితే రంగు చెప్పి డబుల్‌ని తీసేయాలి.

డబుల్‌ని పెనాల్టీకి ఉంచి, పైరంగుని టేకౌట్‌గా వాడే ఫిష్‌బైన్ పద్ధతి నాకు నచ్చదు. 3 ఆఠీన్ మీద అసలైన 3 ఇస్పేట్ చెప్పే వీలే పోతుంది. రోబోలతో సాధన కూడా ఈ ఒక్క విషయంలో పనికిరాదు. వాటి ఒప్పందం వాటిది, మనది మనది.

ఈ వారం ఒక చేతికి ఏడు ఆఠీన్లు, దాని ఎదుటి చేతికి మూడు ముందే పెట్టేసి మిగతావి కలిపి పంచుతాం. ఒకరితో ఒకరం మాట్లాడకుండా బిడ్లు కాగితం మీద రాసి, తర్వాత పోల్చుకుంటాం. ఆ వెంటనే 3 ఇస్పేట్ – డబుల్ – 4 ఇస్పేట్ పట్టాలి. అక్కడ మనకి నాలుగో స్థాయిలో రంగు చెప్పే చోటే ఉండదు కాబట్టి, రెండు రంగుల చేతికి 4 నోట్రంప్, పాయింట్లకి డబుల్ అని మొదలుపెడదామని ఉంది. పార్ట్‌నర్‌కి ఇంకా చెప్పలేదు.