మూడు వేళ్ల ఖాళీ
మా 1986 జీపు స్టీరింగ్ మూడు వేళ్ల మందం ఉత్తినే తిరిగేది. పాడేరు ఘాట్‌లో ప్రతి మలుపూ టెన్షనే. స్టీరింగ్ తిప్పుడును చక్రాలకు అందించే గేర్ల పెట్టె, అదే స్టీరింగ్ బాక్స్, దాని మీది అడ్జస్టింగ్ స్క్రూ బిగించాను. తిన్నగా పోతే బాగుంది, మలుపులో మాత్రం స్టీరింగ్ పట్టేసి వెనక్కి రాదు!

"గేరు పళ్లు మధ్యలోనే ఎక్కువ అరుగుతాయి బాబూ. అక్కడికి సరిపోయేలా బిగిస్తే పక్కల పట్టేస్తుంది" అన్నాడు ఆటోనగర్ మేస్త్రీ.

ఇక బాక్స్ మార్చాల్సిందే. దాన్ని చక్రాల వైపు కడ్డీలకు కలిపే పిట్‌మన్ ఆర్మ్ ఊడదీయడానికే ఒక పూట పట్టింది. దాన్ని లాగే పుల్లర్ బిగించి, పక్క నుంచి సుత్తితో ఒక్కటిస్తే ఠంగుమని వచ్చింది. బాక్స్‌లో ఆయిల్ లేదు, నల్లటి గ్రీజు ముద్ద! ఆయిల్ కారకుండా ఆపే సీల్ మార్చడానికి బద్ధకించి ఎవరో కూరేశారు, ఎవరి పుణ్యమో.

కొత్త బాక్స్‌తో నిన్న మళ్లీ ఘాట్ ఎక్కాను. చెయ్యి ఇంకా పాత అలవాటుగా ముందే తిప్పేస్తోంది.