పదిహేడేళ్ల పిల్లాడి కాలేజీ, లక్షమంది కోపం

నవంబర్ చివరి వారం వచ్చిందంటే మా కొలంబస్‌లో ‘ఎం’ అక్షరానికి గడ్డుకాలం. ఒహాయో స్టేట్ యూనివర్సిటీ క్యాంపస్‌లో బోర్డుల మీద ఆ అక్షరం ఎక్కడ కనపడినా ఎర్ర టేపుతో కొట్టేస్తారు. ఆ శనివారం పక్క రాష్ట్రం మిషిగన్ యూనివర్సిటీతో అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్. లక్షమందికి పైగా పట్టే స్టేడియం, అది మనూళ్లో జరిగినా వాళ్లూళ్లో జరిగినా ఊరంతా ఎర్ర చొక్కాలే. నా పేరు మాధవి. మావాడు రెండో క్లాసులో ఉన్నప్పుడు ఫ్రిజ్ మీద ఇంగ్లీషులో రాసున్న నా పేరులో మొదటి అక్షరం కొట్టేసి నన్ను ‘అధవి’ని చేశాడు. ఫొటో తీసి గుంటూరులో అమ్మవాళ్లకి పంపి మరీ నవ్వుకున్నాం.

ఈ పిచ్చి మన పిల్లలకి ఎందుకంత తొందరగా అంటుకుంటుందో ఇక్కడున్న తల్లులందరికీ తెలుసు. సోమవారం పొద్దున స్కూల్లో అందరూ మాట్లాడుకునేది ఒకటే, శనివారం మ్యాచ్. చూసినవాడు గుంపులో ఉంటాడు, చూడనివాడు పక్కన నిలబడతాడు. షాపులో ఎవరో ముక్కూ మొహం తెలియని పెద్దాయన ‘ఓ-హెచ్’ అని అరిస్తే ‘ఐ-ఓ’ అని తిరిగి అరవడం వచ్చిన రోజున మావాడు ఈ ఊరివాడైపోయాడు. గ్రీన్‌కార్డు వరుసలో నిలబడ్డ వాళ్ల నాన్నకి ఆ హోదా ఇంకా రాలేదు.

అందుకే మేం ఎప్పుడూ అడ్డు చెప్పలేదు. డ్రగ్స్ కాదు, తాగుడు కాదు, ఆటేగా అనుకున్నాం.

పోయిన ఏడాది డిసెంబర్‌లో ఎనిమిదో క్లాసు చదివే మా అమ్మాయి ఫోన్ తెచ్చి నా ముందు పెట్టింది. “అమ్మా, అన్నయ్య ఏం రాశాడో చూడు.” వాడికి పేరూ ఫొటో లేని ట్విట్టర్ అకౌంటు ఒకటుందని నాకు అప్పుడే తెలిసింది. ఒహాయో స్టేట్‌కి వస్తానని చెప్పి, సంతకాల రోజున ఇంకో యూనివర్సిటీ టోపీ పెట్టుకున్న ఒక హైస్కూల్ కుర్రాడి ఫొటో కింద మావాడు పాము బొమ్మ పెట్టి, “మొదటి మ్యాచ్‌లోనే నీ మోకాలు పోవాలి” అని రాశాడు. దాని కింద ఓ యాభైమంది లైకులు. పైనా కిందా అలాంటివే వందలున్నాయి. కొన్ని వాళ్లమ్మ గురించి. కొన్ని ఆ పిల్లాడి ఒంటి రంగు గురించి. వాటితో పోలిస్తే మావాడిది మర్యాదగా ఉన్నట్టే లెక్క, అదే నాకు ఇంకా కడుపు రగిల్చింది.

ఈ టోపీల గొడవ తెలియనివాళ్ల కోసం కాస్త చెప్పాలి. ఇక్కడ కాలేజీ జట్లు హైస్కూళ్ల నుంచి ఆటగాళ్లని ఏరుకుంటాయి. తొమ్మిది, పది క్లాసుల్లో ఉండగానే కోచ్‌లు స్కాలర్‌షిప్ ఆఫర్లు ఇస్తారు. కొన్ని వెబ్‌సైట్లు ఒక్కో పిల్లాడికీ హోటళ్లకి వేసినట్టు స్టార్లు వేస్తాయి, ఐదు స్టార్లంటే మహారాజు. పిల్లాడు ‘ఫలానా చోట చేరతా’ అని ప్రకటిస్తే దాన్ని కమిట్ అవడం అంటారు. అది నోటిమాట మాత్రమే. పిల్లాడు మారచ్చు. కోచ్ ఆఫర్ వెనక్కి తీసుకోవచ్చు. ఆ కోచే ఎక్కువ జీతం వస్తే ఇంకో యూనివర్సిటీకి వెళ్లిపోవచ్చు, వెళ్తూనే ఉంటారు కూడా. అసలు సంతకాలు ఒకప్పుడు ఫిబ్రవరిలోనే జరిగేవి, 2017 నుంచి డిసెంబర్‌లోనూ పెడుతున్నారు. ఆ రోజున పిల్లాడు తను ఎంచుకున్న కాలేజీ టోపీ పెట్టుకుని చూపిస్తాడు. నోటిమాటకీ సంతకానికీ మధ్య నెలలూ ఏళ్లూ గడుస్తాయి. ఫ్యాన్స్‌కి అదే సీజన్. ముందు ‘తమ్ముడూ మా దగ్గరికి రా’ అని బతిమాలడం, వస్తానంటే నెత్తిన పెట్టుకోవడం, మారితే తిట్టడం.

2021 డిసెంబర్‌లో ట్రావిస్ హంటర్ ఏం చేశాడో మావాడే నాకు కథలా చెప్పాడు. దేశంలో నంబర్ వన్ అనుకున్న కుర్రాడు, ఎప్పటినుంచో ఫ్లోరిడా స్టేట్‌కి మాట ఇచ్చినవాడు, సంతకాల రోజున డియాన్ శాండర్స్ కోచ్‌గా ఉన్న జాక్సన్ స్టేట్‌కి వెళ్లిపోయాడు. నల్లజాతి విద్యార్థుల కోసం పుట్టిన ఆ చిన్న యూనివర్సిటీకి అంతటివాడు రావడం పెద్ద వార్త. మూడేళ్ల తర్వాత, కొలరాడో తరఫున ఆడుతూ, కాలేజీ ఫుట్‌బాల్‌లో అన్నిటికన్నా పెద్దదైన హైస్‌మన్ ట్రోఫీ గెలిచాడు. మావాడు ఈ కథ చెప్పేటప్పుడు హంటర్ హీరో. మన జట్టుని వదిలి వెళ్లినవాడు మాత్రం పాము.

ఇంతకీ ఫ్యాన్స్ ఈ పిల్లలకి రాయకూడదనే అంటారు యూనివర్సిటీలవాళ్లు. 2009లో నార్త్ కెరొలైనా స్టేట్ యూనివర్సిటీలో ఓ విద్యార్థి, జాన్ వాల్ అనే బాస్కెట్‌బాల్ కుర్రాడు తమ కాలేజీకి రావాలని ఫేస్‌బుక్‌లో గ్రూపు పెడితే, అది ఆపమని సొంత యూనివర్సిటీయే వాడికి ఉత్తరం రాసింది. కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ రూల్స్ అలా ఉంటాయి. కానీ ఆ రూల్ ఎందుకుందో చూడండి. ఏ జట్టూ దొడ్డిదారిన లాభపడకూడదని. ‘రా బాబూ’ అని రాస్తే కాలేజీకి భయం. ‘నీ కాలు విరగాలి’ అని రాస్తే ఏ జట్టుకీ లాభం లేదు కాబట్టి ఎవరికీ అంత కంగారు లేదు. పిల్లాడి కోసం పెట్టిన రూల్ కాదది.

నేను మొదట అనుకున్నది అందరమ్మలూ అనుకునేదే: అంత బాధైతే అకౌంటు మూసేయొచ్చుగా. దానికి సమాధానం మా స్కూల్లోనే దొరికింది. మావాడు మార్చింగ్ బ్యాండ్‌లో ట్రంపెట్ వాయిస్తాడు, అందుకని శుక్రవారం మ్యాచ్‌లకి బ్యాండ్ తల్లిదండ్రులం స్టాల్‌లో నాచోలు, హాట్ చాక్లెట్ అమ్ముతాం. అక్కడ పరిచయమైన ఒకావిడ కొడుకు స్కూల్ జట్టులో ఆడతాడు. స్టార్ కాదు, ఏదో చిన్న యూనివర్సిటీ తీసుకుంది. ఆవిడ చెప్పింది: అకౌంటు తెరిచే ఉంచాలి, కోచ్‌లు చూసేది అక్కడే. పొడుగు, బరువు, మార్కులు, ఆట వీడియోల లింకు అన్నీ పైనే పెట్టాలి. అంటే పెళ్లిళ్ల పేరయ్య దగ్గర ఇచ్చే వివరాలన్నీ లోకానికి తెరిచిపెట్టి, ఆ పక్కనే ‘తిట్టదలచినవాళ్లు తిట్టండి’ అని తలుపు తీసిపెట్టడమే. ప్రకటించిన వారం రోజులూ ఆవిడ పొద్దున్నే లేచి, కొడుకు లేవకముందే వాడి ఫోన్‌లో చెత్త తీసేసేదట. వాడికి తెలుసట. తెలియనట్టే ఉండేవాడట.

ఆ రాత్రి మా ఇంట్లో పెద్ద వాదనే జరిగింది. మావాడి పాయింట్లు రెండు. ఒకటి, ఆ కుర్రాడు మాట తప్పాడు. రెండు, ఆ ఆటగాళ్లకి డబ్బులొస్తున్నాయి, ఇంకా చిన్నపిల్లలేంటి.

రెండోది కొట్టిపారేసేది కాదు. 2021 జులై నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరూ ముఖం వాడుకుని సంపాదించుకోవచ్చు. 2025 నుంచి యూనివర్సిటీలే నేరుగా ఆటగాళ్లకి పంచవచ్చు, మొదటి ఏడాదికి ఒక్కో యూనివర్సిటీకి దాదాపు 2 కోట్ల 5 లక్షల డాలర్ల వరకు. డబ్బు వచ్చాక ఫ్యాన్‌కి తనేదో యజమానినన్న ధీమా వచ్చింది. కానీ ఆ డబ్బు చాలామందికి అందదు, స్టాల్ దగ్గర ఆవిడ కొడుకుకైతే అసలే లేదు. తిట్లు మాత్రం అందరికీ సమానంగానే చేరుతున్నాయి. పైగా డబ్బు తీసుకున్నవాడి మోకాలు విరగాలని కోరుకోవచ్చని ఎక్కడుంది?

మొదటిదానికి జవాబు చెప్పడానికి నాకు ఎక్కువ దూరం వెళ్లక్కర్లేకపోయింది. సోఫాలో ఎదురుగానే కూర్చున్నారు. “మీ నాన్న ఇప్పుడున్న ఉద్యోగం ఎలా వచ్చిందో అడుగు” అన్నాను. ఒక కంపెనీ ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టి, చేరే తేదీ కూడా ఖాయమయ్యాక, ఇంకోచోట జీతం ఎక్కువ, ఇమిగ్రేషన్ ఫైలింగ్ తొందరగా చేస్తామన్నారని అటు వెళ్లారు. మొదటి కంపెనీవాళ్లు ఆయన ఫొటో కింద పాము బొమ్మ పెట్టలేదు. చేతిలో ఒక ఆఫర్ పెట్టుకుని ఇంకో రెండు ఇంటర్వ్యూలకి వెళ్లని తెలుగు సాఫ్ట్‌వేర్ మనిషిని ఎవరైనా నాకు చూపిస్తే సంతోషం. మన చదువులే అలా మొదలవుతాయి. ఎంసెట్ మొదటి విడతలో వచ్చిన కాలేజీని రెండో విడతలో మంచిది వస్తే వదిలేస్తాం. వదలనివాడిని అమాయకుడంటాం. ఇక్కడా అంతే, మే 1కి ఒక కాలేజీకి డిపాజిట్ కట్టి, జూన్‌లో ఇంకోచోట వెయిట్‌లిస్టు తీస్తే ఆ డిపాజిట్ వదులుకుని వెళ్లమని పిల్లలకి చెప్పేది మనమే. మంచి అవకాశం వెతుక్కుంటూ సముద్రాలు దాటి వచ్చినవాళ్లం. పదిహేడేళ్లవాడు అదే పని చేస్తే ద్రోహం అనడానికి మన ఇంట్లో ఎవరికి నోరొస్తుంది?

“అది వేరు” అన్నాడు మావాడు. ఎందుకు వేరో చెప్పలేకపోయాడు గానీ, ఒప్పుకోనూ లేదు.

మా ఆయన మాత్రం “ఇదంతా ఇక్కడి కల్చర్” అని తేల్చబోయారు. బెజవాడలో తెల్లవారుజామున బెనిఫిట్ షోకి వెళ్లి కాగితాలు విసిరి, అవతలి హీరో పోస్టర్ మీద పేడ కొట్టించిన చరిత్ర ఉన్న మనిషి! అప్పుడు ట్విట్టర్ లేదు కాబట్టి పేడతో సరిపెట్టుకున్నారు. ఇప్పుడు ఆయన వాట్సాప్ గ్రూపులో ఏం నడుస్తోందో నేను చూడనిదా? 2025 ఏప్రిల్‌లో పద్నాలుగేళ్ల వైభవ్ సూర్యవంశీ ఐపీఎల్‌లో 35 బంతుల్లో సెంచరీ కొడితే, మర్నాటికల్లా వాడి వయసు మీద, పళ్ల మీద, వాళ్ల నాన్న మీద జోకులు. 2021 టీ20 ప్రపంచకప్‌లో పాకిస్తాన్ చేతిలో ఓడాక షమీని మతం పేరుతో తిట్టారు, షమీ పక్షాన మాట్లాడినందుకు కోహ్లీ మీద పడ్డారు. ఏడాది కూడా నిండని అతని కూతురి మీద బెదిరింపు పెట్టాడన్న ఆరోపణతో ముంబై పోలీసులు అరెస్టు చేసింది ఐఐటీలో చదివిన హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కుర్రాణ్ణి. 2023లో ఫిర్యాదు చేసినవాళ్లే సరేననడంతో బాంబే హైకోర్టు ఆ కేసు కొట్టేసింది. అప్పుడు మా చుట్టాల్లో అందరి నోటా ఒకటే మాట: “ఐఐటీ పిల్లాడు ఇలా చేయడమేంటి?” చదువుకీ దీనికీ సంబంధం ఉందనుకోవడం మనకున్న పాత జబ్బు. మావాడికి గణితంలో వందకి వంద వస్తాయి.

ఇక్కడివాళ్ల సంగతికొస్తే, ఈ రాష్ట్రంలోనే పుట్టి, ఒహాయో స్టేట్‌కే క్వార్టర్‌బ్యాక్‌గా ఆడిన కర్క్ హెర్బ్‌స్ట్రీట్ అంతటివాడు టీవీలో జట్టుని విమర్శించినందుకు ఫ్యాన్స్ పెట్టే బాధ పడలేక 2011లో కుటుంబంతో నాష్‌విల్ వెళ్లిపోయాడు. పెద్దవాడు, డబ్బున్నవాడు, ఇల్లు మార్చుకోగలిగాడు. హైస్కూల్ పిల్లాడు ఎక్కడికి పోతాడు?

నా భయం ఇంకోటుంది, దాన్ని ఆ రాత్రి పైకి అనలేదు. మా అమ్మాయి వాలీబాల్ బాగా ఆడుతుంది. ఎన్‌సీఏఏ చేయించిన ఓ పరిశీలనలో 13 లక్షల పోస్టులు, కామెంట్లు చూస్తే 5 వేలకి పైగా బెదిరింపులు, బూతులు, జాతి దూషణలు తేలాయి, బాస్కెట్‌బాల్‌లో మగపిల్లలకన్నా ఆడపిల్లలకి దాదాపు మూడు రెట్లు ఎక్కువ బెదిరింపులొచ్చాయి. అది 2024లో బయటపెట్టిన లెక్క, కాలేజీ వాళ్లది మాత్రమే.

చివరికి ఏం చేశామంటే, గొప్పగా ఏమీ చేయలేదు. కామెంటు తీసేశాడు. వాళ్ల నాన్న సారీ చెప్పమన్నారు. మా అమ్మాయే వద్దంది: “ఆ అబ్బాయికి ఇంకో తెలియనివాడి మెసేజ్ ఎందుకు నాన్నా?” నిజమే. వాడి తృప్తి కోసం ఆ పిల్లాడి ఫోన్ ఇంకోసారి మోగించడమే. పేరులేని అకౌంటు మూయమన్నాను. అరవాలనుంటే అసలు పేరుతో, అసలు ఫొటోతో అరవమన్నాను. అప్పట్నుంచి మావాడు చాలా శాంతస్వభావుడయ్యాడు. ఇంకెక్కడైనా ఇంకో అకౌంటు ఉందేమో, పదిహేడేళ్లవాడి ఫోన్‌లో అన్నీ నాకు తెలుస్తాయన్న నమ్మకం నాకు లేదు. కానీ ఈ సీజన్‌లో ఎవరో రిక్రూట్ మనసు మార్చుకున్నాడని వార్త వస్తే, “కోచ్ వెళ్లిపోయాడు కదా, వాడు మాత్రం ఏం చేస్తాడు” అన్నాడు, చపాతీ తింటూ. నేను విననట్టే ఊరుకున్నాను.

ఇప్పుడు మా ఇంట్లో అసలు టెన్షన్ వేరే. మావాడు పన్నెండో క్లాసుకొచ్చాడు, కంప్యూటర్ సైన్స్ కావాలి. వాళ్ల నాన్న పట్టుబట్టి నవంబర్ 1 గడువు లోపల మిషిగన్‌కి కూడా అప్లై చేయించారు. బ్యాండ్‌లో ఒక్కడికీ ఈ సంగతి తెలియదు. సీటొస్తే తెలుగు వాళ్ల గ్రూపుల్లో అభినందనల పోస్టు పెట్టొద్దని నా దగ్గరా, ‘స్కూల్లో చెప్పేస్తా’ అని రోజూ బెదిరించే చెల్లెలి దగ్గరా మాట తీసుకున్నాడు. ఆయన మాత్రం అప్పుడే మిషిగన్ యూనివర్సిటీ ఉన్న ఆన్ ఆర్బర్‌లో అద్దెలు ఎలా ఉన్నాయో చూస్తున్నారు.