కళ్లు తప్ప ఎక్కడైనా కొట్టండి సార్

నన్ను హైస్కూల్లో చేర్పించిన రోజు మా నాన్న లెక్కల సారుతో అన్న మాట అది. పల్నాడులో మా ఈడు వాళ్లలో ఈ మాట వినకుండా పెరిగినవాళ్లు తక్కువ. అది నమ్మకమే, కాదనను. కాకపోతే మా నాన్నకూ సారుకూ మధ్య ఉన్న నమ్మకం. అందులో నా వాటా బెత్తం దెబ్బలు.

ఇప్పుడు ఉండేది స్వీడన్‌లో, గోథెన్‌బర్గ్‌లో. పిల్లల్ని ఇంట్లో అమ్మానాన్నలు కూడా కొట్టకూడదని 1979లోనే చట్టం చేసిన దేశం. టర్ముకోసారి బడిలో టీచరు, మేము, మా అమ్మాయి కలిసి కూర్చుంటాం. ఐదో తరగతి కాబట్టి ఇంకా గ్రేడ్లు లేవు, ఆరు నుంచే. మొన్నటి మీటింగులో ల్యాప్‌టాప్ తెరిచి మాట్లాడింది మా అమ్మాయే. "భాగహారాలు రావట్లేదు. గ్రూపులో నేను నోరు విప్పను, ఇద్దరబ్బాయిలు అరుస్తారు" అని టీచరు మొహం చూస్తూనే చెప్పింది. ఆవిడ తలూపి రాసుకుంది. "ఇంట్లో చెప్పలేదేమే?" అనబోయి మింగేశాను. నేను చదువుకునేటప్పటి పేరెంట్స్ మీటింగుల్లో గోడకానుకుని నేల చూపులు చూసేవాణ్ణి.

ఆఫీసులోనూ ఇదే వరస. ఒంట్లో బాలేకపోతే మేనేజరుకి ఒక్క మెసేజ్ చాలు, ఎనిమిదో రోజు వరకు డాక్టరు సర్టిఫికెట్ అడగరు. మొదటి రోజుకి జీతంలో కొంత కోత పడుతుందనుకోండి. సెలవు కోసం అమ్మమ్మని రెండోసారి చంపాల్సిన అవసరం లేదు.

హైదరాబాద్ నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడొకడు మా టీములో చేరాడు. పని సగం కూడా కాలేదు, అడిగినప్పుడల్లా "అయిపోతుంది సార్". ఇక్కడి మేనేజరు ఆ మాటని అక్షరాలా నమ్మేశాడు. అదే గదిలో ఇంటర్న్‌షిప్‌కి వచ్చిన స్వీడిష్ పిల్ల "నువ్వు వేసిన ప్లాన్ నడవదు" అని ఆ మేనేజరుకే చెప్పింది. ఆయన కుర్చీ దగ్గరకు లాక్కుని "ఎందుకు?" అన్నాడు. మావాడికి చెమటలు పట్టాయి.

అలాగని అంతా ఇక్కడే బాగుందనలేను. ఇంజనీరింగుకి పంపనని మా నాన్న మొండికేస్తే, సైకిలేసుకుని మా ఇంటికొచ్చి రాత్రి పది దాకా కూర్చుని ఒప్పించింది ఆ లెక్కల సారే. ఫీజులో కొంత ఆయనే కట్టాడు. ఇక్కడి టీచరు సాయంత్రం వేళ మా గడప తొక్కదు. ఇక్కడి పిల్లలు నమ్మేది పద్ధతిని, మేం నమ్మింది మనిషిని. మంచి సారు దొరికితే బతికిపోయాం, దొరకనివాళ్ల సంగతి ఎవరూ అడగలేదు.

మావాడు ఇప్పుడు నయం. నిన్న "ఇంకో వారం పడుతుంది" అని మేనేజరుకి తనే మెసేజ్ పెట్టాడు. పెట్టేముందు మాత్రం నాకు చూపించి, "అన్నా, కోపం వస్తుందంటావా?" అన్నాడు.